టీఎస్‌హెచ్ దొరవారికి విన్నపం

మహారాజశ్రీ టీఎస్‌హెచ్ దొరవారి దివ్యసముఖానికి,

విజయవాడ నుంచి మీ పాత రోగి నమస్కరించి రాసుకునేది ఏమనగా:

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. మొన్నటి థైరాయిడ్ రక్తపరీక్ష రిపోర్టులో 3.9 దగ్గర సుఖాసీనులై ఉన్నారు. పక్కనే ల్యాబ్ వాళ్లు అచ్చువేసిన హద్దు 0.4 నుంచి 4.2. అంకె హద్దు దాటితే దాన్ని లావు అక్షరాల్లో వేసి, పక్కన ఒక చుక్క పెడతారు. తమరి అంకె సన్నగా, నాజూగ్గా ఉంది. లావంతా నాకే వచ్చింది.

డాక్టరు గారు ఆ కాగితం మీద చూపుడువేలు పెట్టి పైనుంచి కిందికి జార్చారు. లావు అక్షరం ఎక్కడా తగలకపోవడంతో వేలు జారుకుంటూ వెళ్లి అడుగున సంతకం దగ్గర ఆగింది. “అంతా నార్మలే కదమ్మా, ఇంకేమిటి?” అన్నారు. ఒక్కసారి తల ఎత్తి ఉంటే ఇంకేమిటో ఆయనకే తెలిసేది. మే నెలలో, బెజవాడలో, తిరుగుతున్న ఫ్యాను కింద శాలువా కప్పుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన నుదుటి చెమట తుడుచుకుని, “వాకింగ్ చేయండి” అని రాసిచ్చారు.

తమరు హద్దు దాటి ఉన్న రోజుల్లో నా మాటకు ఎంత విలువ ఉండేదో! నీరసం అంటే నీరసమే. మలబద్ధకం అంటే అయ్యో పాపం. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, పగిలిన మడమలు, బొంగురుపోయిన గొంతు, దువ్వెనకు చుట్టుకునే జుట్టు, అన్నిటికీ గౌరవం ఉండేది. తమరు హద్దులోకి దయచేసిన మరునాటి నుంచి అవే బాధలు నా స్వభావంలోని లోపాలైపోయాయి. నీరసం బద్ధకమైంది, మతిమరుపు వయసు ఖాతాలోకి వెళ్లింది, చలి చాదస్తమైంది. మా ఇంట్లో వారైతే తమరి రిపోర్టును మడిచి జేబులో పెట్టుకున్నారు, ఎవరైనా అడిగితే చూపించడానికి.

బడిలో నేను చెప్పేది లెక్కలు. ఆమధ్య ఎనిమిదో తరగతిలో త్రిభుజ వైశాల్యం చెబుతూ బోర్డు మీద సగం వేశాను, భూమి వేశాను, అక్కడ ఆగిపోయాను. ‘ఎత్తు’ అన్న మాట రాలేదు. ఏళ్ల తరబడి నోట నలిగిన మాట. చేత్తో కిందినుంచి పైకి చూపించాను. ముందు బెంచీ పిల్ల నన్ను చూసి జాలిపడి అందించింది. తమరప్పుడు హద్దులోనే ఉన్నారు. దానికి కాగితం కూడా ఉంది.

ఇంతటి అధికారం చేస్తున్న తమరెవరో తెలుసుకుందామని కూర్చుంటే తేలిందేమిటంటే, తమరు థైరాయిడ్ గ్రంథి తరఫు వారే కాదు. మెదడు అడుగున శనగగింజంత పిట్యూటరీ ఉంటుంది. ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గినప్పుడు అది మెడలోని గ్రంథికి పంపే తాఖీదు తమరు. పని మందగిస్తే తాఖీదుల జోరు పెరుగుతుంది, పని సాగితే తగ్గుతుంది. మంచి ఏర్పాటే, కాదనను. హార్మోను రవ్వంత తగ్గినా తమరు రెట్టింపులు, మూడింతలు అవుతారు కనుక జబ్బును మొదట్లోనే పట్టివ్వడంలో తమరిని మించినవారు లేరు. కానీ తమరు సద్దుమణిగారంటే అర్థం పిట్యూటరీ తృప్తిగా ఉందనే. పై అధికారికి తృప్తిగా ఉంటే కింద గుమాస్తాలందరూ కడుపు నిండా తిన్నట్టేనని ఎవరు తేల్చారు?

పైగా ఆ అధికారికి సొంత వంట ఉంది. థైరాయిడ్ హార్మోను టీ4, టీ3 అని రెండు రకాలు. నేను మింగే థైరాయిడ్ మందు, లీవోథైరాక్సిన్ బిళ్లలో ఉండేది టీ4 ఒక్కటే. పనిచేసేది దాని నుంచి తయారయ్యే టీ3. పిట్యూటరీ తనకు కావలసిన టీ3ని చాలావరకు తన లోపలే తయారుచేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి ఒంటికి కొంత టీ3ని నేరుగా కూడా అందిస్తుంది, బిళ్ల అది చేయదు. మిగతా అవయవాలకు తక్కువ పడుతుందా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. తమరు హద్దులోకి వచ్చాక కూడా నూటికి అయిదు నుంచి పది మందికి బాధలు మిగిలే ఉంటాయని వైద్య పత్రికల్లో రాసేది రోగులు కాదు, డాక్టర్లే. అయితే టీ3 కూడా కలిపి ఇస్తే సరిపోతుందా అంటే, చేసిన పరీక్షల్లో చాలావాటిలో స్పష్టమైన మేలేమీ తేలలేదు, కొందరు రోగులు మాత్రం మాకు అదే బాగుందన్నారు. 2012లో యూరోపియన్ థైరాయిడ్ అసోసియేషన్ దాన్ని ప్రయోగంగా, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే చూడవచ్చని చెప్పి ఊరుకుంది. నాకు దానిమీద మోజు లేదు. “ఇది ఇంకా తేలని సంగతి అమ్మా” అని ఒక్కరు నిజం చెప్పి ఉంటే చాలు. “ఏమీ లేదు” అంటారు.

తమరి దర్బారు మొదలుకాక ముందు సంగతి ఒకటి మనవి చేస్తాను. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే కుర్ర డాక్టరు, ఒళ్లంతా ఉబ్బి, మాట మందగించిన 46 ఏళ్ల స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం సూదితో ఎక్కించాడు. ముఖం ఉబ్బు తగ్గింది, మాట వడి అందుకుంది, నడిస్తే అలసట తగ్గింది. ఆమె మరో 28 ఏళ్లు బతికి, 1919లో పోయింది. అన్నేళ్లలో ఆమె కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు ఖర్చయ్యాయని ఆయనే లెక్క రాశాడు. ఆయనకు చూడడానికి తమరు లేరు కనుక మనిషిని చూశాడు.

1970లలో తమరిని కొలిచే పరీక్ష వాడుకలోకి వచ్చాక, అంతకుముందు ఇస్తున్న మోతాదులు చాలామందికి ఎక్కువేనని బయటపడింది. అది తమరు చేసిన మేలే. మోతాదు మితిమీరితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి. మా వీధిలో ఒకావిడ హుషారు కోసం రోజుకు రెండు బిళ్లలు మింగి, గుండె దడతో ఆసుపత్రిలో చేరింది. కాబట్టి తమరిని పదవి దిగమని నేను అనడం లేదు.

తమరి కొలువులో నేను చేస్తున్న సేవ కూడా కాస్త ఆలకించండి. తెల్లవారగానే పరగడుపున బిళ్ల. ఆ తరువాత గంట దాకా కాఫీ నిషేధం, ఎందుకంటే కాఫీ బిళ్లను ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఆ గంటలోనే మా అత్తగారు డికాక్షన్ దించుతారు. ఇత్తడి ఫిల్టరు మూత తీసిన వాసన వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి నా ముక్కులోకి వస్తుంది. ఆవిడ గ్లాసులో పోసి, నురగ వచ్చేలా తిరగబోసి, నా ఎదురుగా కూర్చుని, “నీకింకా టైమ్ కాలేదు కదూ” అంటారు. అది పరామర్శో పగో ఇప్పటికీ తెలియదు. కాల్షియం బిళ్లకూ ఐరన్ బిళ్లకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి దీన్ని పట్టుకుని కూర్చుంటాయి. మోతాదు మార్చితే ఫలితం తేలడానికి ఆరు వారాలు ఆగాలి, టీ4 ఒంట్లో సగం తగ్గడానికే వారం పడుతుంది కనుక. మధ్యలో చుట్టాలు వచ్చి క్యాబేజీ మానమంటారు, ధనియాల నీళ్లు తాగమంటారు. అయోడిన్ చాలినంత అందే మనిషికి వండిన క్యాబేజీ కూర చేసే ద్రోహం ఏమీ లేదని చెప్పినా, పెళ్లిలో నా విస్తరి దగ్గరికి వచ్చి ఆ కూరను మాత్రం దాటించేస్తారు.

బరువు సంగతి. థైరాయిడ్ మందగించడం వల్ల పెరిగేది సాధారణంగా రెండు నుంచి నాలుగున్నర కిలోలేనట, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరేనట. కాబట్టి మొత్తం తమరి ఖాతాలో వేయను. పులిహోర వాటా పులిహోరదే.

ఇక విన్నపాలు. తమరికి వేళాపాళా ఉందని విన్నాను. రాత్రి పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతారట. సందు మొదట్లో ల్యాబ్ హద్దు 4.2, సందు చివర ల్యాబ్ హద్దు 5.5. అంటే పొద్దున ఒకచోట దోషిగా తేలే అవకాశం ఉన్న నేను, మధ్యాహ్నం ఇంకోచోట నిర్దోషిగా బయటికి రావచ్చు. శాలువా మాత్రం రెండు చోట్లా ఉంటుంది. కనీసం ప్రతిసారీ ఒకే వేళకు, ఒకే ల్యాబ్‌లో దర్శనం ఇప్పించండి.

రెండోది, తమరు ప్రశాంతంగా ఉన్నప్పుడు పక్కవాళ్లను కూడా పిలిపించండి. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, బీ12, విటమిన్ డి, రాత్రి గురక పెడుతూ ఊపిరి ఆగుతోందా, మనసు ఎలా ఉంది, ఇవన్నీ తమరి నీడలో కూర్చుని తప్పించుకుంటున్నాయి. చివరికి వేరే ఊళ్లో ఒక డాక్టరమ్మ నా రిపోర్టు పక్కన పెట్టి, “ఎప్పుడు ఎక్కువ అలసట? పొద్దునా, సాయంత్రమా?” అని అడిగింది. అడగడమే ఒక వైద్యంలా అనిపించింది. ఫెరిటిన్ చూపిస్తే అడుగంటి ఉంది. సగం అలసట ఇనుముతో తీరింది. మిగతా సగం ఇంకా నా దగ్గరే ఉంది, తమరు మాత్రం హద్దులోనే ఉన్నారు.

ఇట్లు,
అన్ని విధాలా నార్మల్‌గా ఉన్న,
తమ విధేయురాలు

తా.క.: జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్లలు మింగితే, కొన్ని ల్యాబ్ యంత్రాల్లో తమరు ఉన్నదానికంటే తక్కువగా కనబడతారట. అందుకే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపమంటున్నారు. మందుల షాపులో అడగగానే ఇచ్చే జుట్టు బిళ్ల తమరిని ఇంత సులువుగా బోల్తా కొట్టించగలదని మా ఇంట్లో వారికి కూడా చెప్పాను. రిపోర్టు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు.