సవరణ: ఎక్స్‌రే బాగుందంటే ఎముక బాగున్నట్టు కాదు

షుగర్ ఉన్నవాళ్ల కాలి పుళ్ల గురించి మొన్న రాసినప్పుడు, "ఎక్స్‌రే నార్మల్‌గా ఉంటే ఎముకకు ఇన్‌ఫెక్షన్ లేనట్టే" అన్నాను. అది తప్పు. ఆ మాట నమ్మి ఎవరైనా ఊరుకున్నారేమోనని నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

ఎముకలోని ఖనిజం సుమారు 30 నుంచి 50 శాతం తగ్గితే గానీ ఎక్స్‌రేలో తేడా కనిపించదు. అందుకు రెండు వారాలు పట్టొచ్చు. ఎంఆర్ఐలో అయితే కొద్ది రోజుల్లోనే తెలుస్తుంది. డాక్టరు పుండులోకి సన్నటి స్టీలు కడ్డీ పెట్టి చూసినప్పుడు గట్టిగా ఎముక తగిలితే అనుమానం బలపడుతుంది. ఇది ఇంట్లో ఎవరూ చేయకండి.

పుండు మీద దూదితో తీసిన చీములో కనిపించే బ్యాక్టీరియా, లోపల ఎముకలో ఉన్నదీ ఒకటే కాకపోవచ్చు. ఎక్కువసార్లు దొరికేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. అయినా ఎముక ముక్క తీసి కల్చర్ చేస్తేనే, అంటే అందులోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూస్తేనే, ఏ మందు పనిచేస్తుందో సరిగ్గా తెలుస్తుంది.

"పది రోజుల మందులు చాలు" అని నేను అన్నదీ పొరపాటే. చచ్చిన ఎముకను తీసేయకపోతే మామూలుగా ఆరు వారాలు వాడాలి. అన్నీ ఇంజెక్షన్లే కానక్కర్లేదు. సరైన మాత్రలూ అంతే పనిచేస్తాయని బ్రిటన్‌లో జరిగి 2019లో వెలువడిన ఓవివా అనే అధ్యయనం చూపించింది. నొప్పి తగ్గిందని మాత్రం మధ్యలో ఆపొద్దు.