టెంక లేని పండు

నూజివీడు చిన్నరసం ఎలా తినాలో మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పండును అరచేతుల మధ్య మెల్లగా నలిపి, ముచిక తీసి, జీడి పోయేలా కాస్త పిండి నోటికి అందుకోవాలి. తొందరపడితే తొక్క చిట్లి చొక్కా పాడవుతుంది. రసం మోచేతి దాకా కారుతున్నప్పుడు ఫోను మోగినా ఎత్తలేం. ఆ ఎత్తలేకపోవడంలోనే సగం రుచి ఉందని నా నమ్మకం.

మన చిన్న చిన్న సుఖాలు చాలావరకు రెండు చేతులూ అడుగుతాయి. మల్లెలు మాల కట్టడం, గాలిపటం ఎగరేయడం అలాంటివే. ఆవకాయ జాడీకెత్తాక బేసిన్‌కు అంటుకున్న గుండలో వేడి అన్నం కలిపి, చుట్టూ కూర్చున్నవాళ్లకు ముద్దలు పెట్టడమూ అంతే. వీటికి ఇంకో గుణం కూడా ఉంది: అవి అయిపోతాయి. పండు తింటే టెంక మిగులుతుంది. వారపత్రికలో సీరియల్ ‘సశేషం’ దగ్గర ఆగేది, మళ్లీ వారం దాకా ఇల్లంతా ఆ కథ ఏ మలుపు తిరుగుతుందోనని మాట్లాడుకునేది.

ఫోను తెరకు టెంక లేదు. కిందికి జరిపేకొద్దీ కొత్తది వస్తూనే ఉండే ఏర్పాటును 2006లో అజా రస్కిన్ అనే డిజైనర్ రూపొందించారు. దానివల్ల జరిగిన చేటుకు తర్వాత ఆయనే బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. పేజీ ముగిస్తే మనిషి ఒక్క క్షణం ఆగి, ఇక చాలు అనుకుంటాడు. ఆ క్షణాన్నే తీసేశారు. దీన్ని చూసేవాడి బలహీనత అనడం అన్యాయం.

సాంకేతికత సమయాన్ని మిగిల్చిందని వాదించేవారు ఉన్నారు. నిజమే. కరెంటు బిల్లు కట్టడానికి వరుసలో నిలబడే పని తప్పింది. డల్లాస్‌లో ఉన్న మనవరాలి మొహం గుంటూరులో తాతయ్య రోజూ చూడగలుగుతున్నారు. ఆ మేలు వద్దనేవారు ఎవరూ లేరు.

మరి మిగిలిన ఆ సమయం ఎవరి ఖాతాలో పడింది? నన్ను కలవరపెడుతున్నది ఇదే. ‘ఫోను పక్కన పెట్టండి, ప్రకృతిని ఆస్వాదించండి’ అని ఆదివారం అనుబంధాలు హితవు చెబుతాయి. రాత్రి పదింటికి మేనేజరు సందేశం వస్తే జవాబు ఇవ్వక తప్పని ఉద్యోగికి ఆ హితవు ఎందుకు పనికొస్తుంది? నిమిషాల్లో సరుకులు చేర్చాలని బండి మీద పరుగెత్తే కుర్రాడికి ఫోనే యజమాని. దాన్ని పక్కన పెడితే ఆ పూట కూలి పోయినట్టే.

తీరికను మనం సొంత క్రమశిక్షణ వ్యవహారంగా చూడటం మానాలి. అది పనిగంటల వ్యవహారం. వారానికి 48 గంటల పరిమితిని అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒప్పందంలోనే, 1919లో, రాసుకుంది. శతాబ్దం దాటాక, ఇన్ని యంత్రాలు చేతికొచ్చాక, మనం ఎటు నడుస్తున్నాం? 2025లో ఆంధ్రప్రదేశ్ రోజువారీ పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచింది. వారానికి 48 గంటలు దాటకూడదంటూనే తెలంగాణ కూడా అదే ఏడాది వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలకు అనుమతిచ్చింది. ఈ లెక్కల్లో హైదరాబాద్ ట్రాఫిక్‌లో కరిగిపోయే గంటలు లేవు, ఇంటికొచ్చాక మోగే ఫోను లేదు.

పని వేళ దాటాక ఫోను ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 జనవరి నుంచి చట్టంలో పెట్టింది. ఆస్ట్రేలియా 2024 ఆగస్టులో అదే బాట పట్టింది. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే 2018లో ఇలాంటి ప్రైవేటు బిల్లే (మంత్రి కాని సభ్యులు పెట్టే బిల్లు) పెట్టారు. అది చట్టం కాలేదు. 1970 తర్వాత ఒక్క ప్రైవేటు బిల్లూ చట్టమైంది లేదు కాబట్టి ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోవడంలో అర్థం లేదు.

కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, అంటే రాష్ట్రాలు కూడా వాటిపై చట్టం చేయవచ్చు. రోజువారీ పనిగంటలు పెంచడానికి తీరిక దొరికిన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ, వేళ దాటాక ఫోను ఎత్తనందుకు ఏ ఉద్యోగినీ శిక్షించరాదని ఒక్క నిబంధన చేర్చాలి. వచ్చే శాసనసభ సమావేశాల్లోనే ఆ సవరణ తేవాలి.