అన్నానగర్‌కి ప్రాణం లేదంటే ఎలా?
ప్లాన్ గీసి కట్టిన ఊరు కాబట్టి చెన్నై అన్నానగర్‌లో అన్ని వీధులూ ఒకేలా ఉంటాయనీ, దానికంటూ ఒక ప్రాణం లేదనీ మా పేట గురించిన మీ వ్యాసంలో రాశారు. ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఆ మాట ఒప్పుకోలేను. అడ్రసుల్లో అక్షరాలు, నంబర్లు ఎక్కువన్నది నిజమే. నెల్లూరు నుంచి మా బాబాయి వచ్చిన ప్రతిసారీ వేరే బ్లాకులోకి వెళ్లి, అక్కణ్ణించి ఫోన్ చేసేవాడు. కానీ నడువక్కరై అనే పల్లె ఉన్న చోట అవెన్యూలూ పార్కులూ ముందే అనుకుని వేశారు కాబట్టే ఈ రోజుకీ ఇక్కడ చెట్ల నీడన నడవగలుగుతున్నాం. 1968 ప్రపంచ వాణిజ్య ప్రదర్శన కోసం కట్టిన 135 అడుగుల టవర్ సంగతే చూడండి. ప్రారంభించింది మన వి.వి.గిరి గారు, పార్కుకి పెట్టింది విశ్వేశ్వరయ్య గారి పేరు. చిన్నప్పుడు ఆదివారం సాయంత్రాలు నాన్న చెయ్యి పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ పైకెళ్లే దారిలో ఒక్కో అంతస్తు లెక్కపెట్టుకుంటూ ఎక్కేదాన్ని. పైనుంచి మా మేడ మీద ఆరేసిన అమ్మ చీర కనిపిస్తుందేమోనని వెతికేదాన్ని. 2011లో దాన్ని మూసేస్తే ఇంట్లో మనిషి దూరమైనట్టు అనిపించింది. 2023లో మళ్లీ తెరిచాక మా పాపని తీసుకెళ్లాను, అది కూడా మా ఇల్లెక్కడని వెతికింది. నాకున్న బెంగల్లా వేరు. మా వీధిలో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతుంటే, గోడ పక్కన ఉన్న వేపచెట్లు కూడా పోతున్నాయి. వ్యాసంలో దాని గురించి ఒక్క ముక్కైనా రాయాల్సింది.