డిగ్రీ చదివే బిడ్డ ఇంటి ఖర్చులో ఉన్నా ప్రభుత్వ లెక్కలో లేడు

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకం, ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు చదివే అర్హులైన ఒక్కో విద్యార్థికి ఏటా 15 వేల రూపాయలు కేటాయిస్తుంది. బడి నిర్వహణకు తీసే 2 వేలు పోను 13 వేలు తల్లి ఖాతాలో పడతాయి. ఇంటర్ అయిపోగానే ఆ జమ ఆగిపోతుంది, కుటుంబం మీద భారం మాత్రం సరిగ్గా అప్పుడే పెరుగుతుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజు వరకు ఆదుకుంటుంది, అదీ బకాయిలు పేరుకోకపోతే. రోజూ ఇంటి నుంచి కాలేజీకి వెళ్లొచ్చే బిడ్డ తిండి, బస్సు పాసు, రికార్డులు, జ్వరమొస్తే మందులు అన్నీ తల్లిదండ్రుల సంపాదనలోంచే రావాలి.

ఈ మందుల దగ్గరే నిబంధనల్లోని అన్యాయం స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లోని జీడిమెట్లలో నెలకు 14 వేల జీతానికి పనిచేసే కార్మికుడి నుంచి, కార్మిక కుటుంబాలకు వైద్యం అందించే బీమా పథకం ఈఎస్ఐకి 0.75 శాతం, అంటే 105 రూపాయలు కోస్తారు. అతని కొడుకు చదువుకుంటున్నంత కాలం ఆ వైద్యం అందుతుంది కానీ, 21 ఏళ్లు నిండాక అందదు. పెళ్లికాని కూతురికి ఈ పరిమితి లేదు. ఇంటర్ తర్వాత ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్న కుర్రవాడికి బీటెక్ మూడో సంవత్సరంలోనో నాలుగో సంవత్సరంలోనో 21 నిండుతాయి కాబట్టి, చదువు పూర్తికాకముందే వైద్యం పోతుంది. అదే కార్మికుడి పేరిట యజమాని డబ్బు కట్టే ఈపీఎఫ్ పెన్షన్ పథకంలో మాత్రం, సభ్యుడు మరణిస్తే ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేవరకు పింఛను ఇస్తారు. తండ్రి పోతే 25 దాకా ఆధారపడ్డ బిడ్డగా గుర్తించే వ్యవస్థ, తండ్రి బతికి కష్టపడుతుంటే 21కే ఆ గుర్తింపును తీసేయడాన్ని ఏ విధంగానూ సమర్థించలేం.

ఉపకార వేతనాల్లోనూ ఇంటి ఖర్చును తక్కువగానే చూశారు. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం 2021లో సవరించిన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కింద, వృత్తి విద్యా డిగ్రీ కోర్సుల్లో హాస్టల్ విద్యార్థికి ఏటా 13,500 రూపాయలు, ఇంటి నుంచి వెళ్లొచ్చే డే స్కాలర్‌కు 7,000 ఇస్తారు. ఆ 7,000ను పన్నెండు నెలలకు పంచితే నెలకు 583 రూపాయలు. ఇంట్లో వండే అన్నానికి ఖర్చే లేదని అనుకుంటే తప్ప ఈ లెక్క కుదరదు. కుటుంబ ఆదాయం ఏటా రెండున్నర లక్షలు దాటితే ఆ కాస్తా రాదు.

పద్దెనిమిదేళ్లు నిండినవాడు పని చేసుకోవచ్చు కదా అనే వాదన ఉంది. పార్ట్ టైమ్ పనికి వెళ్లి హాజరు తగ్గితే ఫీజు సాయానికే ఎసరు వస్తుంది కనుక, పేద ఇంటి విద్యార్థికి ఆ దారి ఆచరణలో దాదాపు మూసుకుపోయింది.

సాయానికి కొలమానం వయసు, తరగతి కాకుండా చదువు కొనసాగడమే కావాలి. దుర్వినియోగం జరుగుతుందన్న భయం అక్కర్లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం కాలేజీలు విద్యార్థుల వివరాలను ఎలాగూ ప్రభుత్వానికి పంపుతున్నాయి. ఈఎస్ఐలో ఈ 21 ఏళ్ల పరిమితి పార్లమెంటు చేసిన చట్టంలోనిదే. దాన్ని 25 చేయడానికి ఆ చట్టానికి ఒక సవరణ చాలు. ఆ సవరణ కోరుతూ మన రెండు రాష్ట్రాల ఎంపీలు ముందుగా గొంతెత్తాలి.