మేంఢా వాళ్లు ముందు చదువుకున్నారు, తర్వాతే సంతకం పెట్టారు

"ఢిల్లీలో, ముంబైలో మా సర్కారు. మా ఊళ్లో మేమే సర్కారు." మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, మేంఢా-లేఖా అనే చిన్న గోండు పల్లె నినాదం ఇది. ఈ మాట ఇంత ధైర్యంగా ఎలా అనగలిగారా అని ఆలోచించినప్పుడల్లా నాకు వాళ్ల చదువే గుర్తొస్తుంది.

1980ల్లో గోదావరి మీద ఇచ్చంపల్లి, ఇంద్రావతి మీద భోపాలపట్నం డ్యాములు కడతామంటే గడ్చిరోలి ఆదివాసులు ఎదురు తిరిగారు. ఆ పోరాటం తర్వాత మేంఢా వాళ్లు 'అభ్యాస్ గట్' పెట్టుకున్నారు. అంటే కలిసి కూర్చుని చదువుకునే బృందం. అడవి గురించి, చట్టం గురించి, ఊరి లెక్కల గురించి అక్కడ మాట్లాడుకుంటారు. బయటి నుంచి తెలిసినవాళ్లు వస్తే అడుగుతారు, వాదిస్తారు. నిర్ణయం మాత్రం అక్కడ జరగదు, అది గ్రామసభ పని. గ్రామసభలో ఓటింగ్ లేదు. ఒక్కరు కాదన్నా విషయం ఆపి, మళ్లీ మాట్లాడతారు. అసలు కిటుకంతా ఈ రెండిటినీ విడదీయడంలోనే ఉందని నేను నమ్ముతాను. నేర్చుకునే చోట గెలవాలన్న టెన్షన్ ఉండదు కాబట్టి, తెలియదని చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు.

2009లో అటవీ హక్కుల చట్టం కింద సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద ఊరికి సామూహిక హక్కు వచ్చింది. తీరా వెదురు కొట్టి అమ్ముకోబోతే అటవీ శాఖ రవాణా పర్మిట్ ఇవ్వనంది. వెదురు కలప కిందికి వస్తుందని శాఖ వాదన. 2006 నాటి ఆ చట్టంలోనేమో వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తి అని, అంటే ఊరివాళ్లు అమ్ముకోగలిగేదేనని స్పష్టంగా రాసి ఉంది. ఊరివాళ్లు ఆ ముక్కే పట్టుకుని వదల్లేదు. చివరికి 2011 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రి జైరాం రమేశ్, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ ఆ ఊరికే వచ్చి పర్మిట్ బుక్కు గ్రామసభకు అప్పగించారు. అప్పట్నుంచి వెదురు లారీ కదలాలంటే పర్మిట్ రాసేది గ్రామసభే. చట్టం చదవడం ఊరితో పాటు సర్కారూ నేర్చుకోవాల్సి వచ్చింది.

మన ఏజెన్సీలో చట్టాలకు కొదవ లేదు. 1996లో ఆదివాసీ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పీసా చట్టం, 1997లో ఆ ప్రాంతాల భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదన్న సుప్రీంకోర్టు సమత తీర్పు, 2011లో పీసా రూల్స్ వచ్చాయి. అయినా గ్రామసభ తీర్మానం ముందే రాసుకొచ్చి వేలిముద్రలు వేయించుకుంటున్నారన్న ఫిర్యాదు ఆగలేదు. చదివి వినిపించని కాగితం మీద వేసిన వేలిముద్రను సమ్మతి అనడం అన్యాయం. గని తవ్వకానికి సమ్మతి అడిగే ఫైలు సభకు వచ్చే నాటికి అందులో ఏముందో కోయలోనో, కువిలోనో ఊరంతా మాట్లాడుకుని ఉండాలి. నోటీసుకీ సభకీ మధ్య అందుకు కొన్ని నెలల గడువు కావాలి. ఆ గడువు అడిగినవాళ్లని అభివృద్ధికి అడ్డం అనే అధికారులు ఒక్కసారి మేంఢా వెళ్లి, ఆ పర్మిట్ బుక్కు చూసి రావాలి.