బండి ఓడైన వైనం

సంగీత వ్యాపారం పద్ధతిగా సాగాలని కోరుకునేవారిలో ఒకడిగా, అమెరికన్ జానపద బాణీ గాయని క్రిస్ విలియమ్సన్ గారి మీద నా అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేయడం నా విధిగా భావిస్తున్నాను. ఆవిడ 1947లో సౌత్ డకోటాలోని డెడ్‌వుడ్‌లో పుట్టి, పదహారో ఏటికే ఆల్బమ్ చేశారు. 1971లో ఆంపెక్స్ అనే పేరున్న కంపెనీ కూడా ఆవిడ పాటలను విడుదల చేసింది. అంతటి గుమ్మం దొరికిన మనిషి కట్టమన్న బట్ట కట్టుకుని, పాడమన్నది పాడి, ముప్ఫై దాటేసరికి గుట్టుచప్పుడు కాకుండా కనుమరుగు కావాలి. లోకమర్యాద అది.

ఆవిడేమో 1973లో వాషింగ్టన్‌లో ఒక రేడియో కార్యక్రమంలో కూర్చుని, ఆడవాళ్లే నడిపే రికార్డుల కంపెనీ పెట్టుకోవచ్చు కదా అని మాటవరసకు అనేశారు. మాటవరసకు అన్నదాన్ని మాటవరసకే వదిలేయాలన్న ఇంగితం విన్నవారికైనా ఉండాలి. అదీ లేకపోయింది. గాయని మెగ్ క్రిస్టియన్, జూడీ డ్లూగాజ్ మొదలైనవారు ఒలీవియా రికార్డ్స్ స్థాపించి, ఒకవైపు మెగ్ పాట, రెండోవైపు క్రిస్ పాట ఉన్న చిన్న రికార్డును తపాలాలో అమ్మడం మొదలుపెట్టారు. దీనికి 'స్త్రీల సంగీతం' అని పేరు కూడా స్థిరపడింది. (మిగిలినదంతా పురుషుల సంగీతమని ఎవరూ పేరు పెట్టలేదు, దాన్ని సంగీతం అంటే సరిపోతుంది.)

1975లో వచ్చిన 'ది చేంజర్ అండ్ ది చేంజ్డ్'తో పరిస్థితి చేయి దాటింది. పాడినవారు, వాయించినవారు సరే, రికార్డింగు గదిలో మీటల ముందు కూర్చున్నవారు కూడా స్త్రీలే. ఆ మీటలు తిప్పడానికి మీసం తప్పనిసరి అని పరిశ్రమ అంతవరకూ నిష్ఠగా నమ్ముతూ వచ్చింది. ఆ రికార్డు లక్షల్లో అమ్ముడుపోయి, మీసాలకు ఏ పనీ లేకుండా చేసింది. అందులోని 'సాంగ్ ఆఫ్ ది సోల్' సంగతి మరీ అన్యాయం. కచేరీలో ఆవిడ దాన్ని అందుకోగానే జనమే పల్లవి లాక్కుని పాడేస్తారు. డబ్బిచ్చి టికెట్టు కొన్నవారి చేత పాడించి, పారితోషికం మాత్రం తాను పుచ్చుకోవడం ఏ వినియోగదారుల న్యాయమో పెద్దలు ఆలోచించాలి. 1982లో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో కూడా మెగ్‌తో కలిసి పాడి, ఈ దురలవాటును అంత పెద్ద వేదిక దాకా తీసుకువెళ్లారు.

ఓడలు బండ్లు, బండ్లు ఓడలు అవుతాయని పెద్దలు సామెతగా అన్నారు. ఒలీవియా వారు దాన్ని ఆదేశంగా తీసుకుని, 1990లో నిజంగానే స్త్రీల కోసం ఓడ విహారాలు మొదలుపెట్టి రికార్డుల కంపెనీని విహారయాత్రల కంపెనీగా మార్చేశారు. క్రిస్ గారు మాత్రం ఆ తర్వాత వుల్ఫ్ మూన్ అని సొంత రికార్డుల కంపెనీ ఒకటి పెట్టుకుని, డెబ్బై దాటినా పాటలు కడుతూనే ఉన్నారు.

ఈ ఫిర్యాదును, మొదట్లో ఆవిడకు సరైన దారి చూపిన ఆంపెక్స్ రికార్డ్స్ వారికే పంపుదామనుకున్నాను. తీరా విచారిస్తే, ఆ దుకాణాన్ని 1970ల మొదట్లోనే మూసేశారట.