రదుకాను విఫలం కాలేదు, ఆమె కెరీర్ తలకిందులుగా మొదలైంది

2021 సెప్టెంబర్ 11న యూఎస్ ఓపెన్ టెన్నిస్ మహిళల ఫైనల్ ఆడిన ఇద్దరమ్మాయిల్లో ఒకరు బ్రిటన్‌కు చెందిన ఎమ్మా రదుకాను, ఇంకొకరు కెనడాకు చెందిన లేలా ఫెర్నాండెజ్. గెలిచింది రదుకాను. ఒకరికి 18 ఏళ్లు, ఇంకొకరికి ఆ వారమే 19 నిండాయి. ఆ తర్వాత 2025 సీజన్ ముగిసేదాకా ఈ ఇద్దరిలో ఎవరూ మరో గ్రాండ్‌స్లామ్ (టెన్నిస్‌లోని నాలుగు అతిపెద్ద టోర్నీల్లో ఒకటి) సింగిల్స్ ఫైనల్ ఆడలేదు. అయినా "ఫెర్నాండెజ్ ఏమైపోయింది" అని ఎవరూ అడగరు. ఆమె చిన్నా పెద్దా టోర్నీలు గెలుస్తూ, మధ్యమధ్యలో ఓడుతూ తన దారిన తాను ఆడుకుంటోంది, అది మామూలు కెరీర్ అని అందరూ ఒప్పుకుంటారు. రదుకాను విషయంలో మాత్రం మొదటి రౌండ్‌లో ఓడినా వార్తే, కోచ్‌ను మార్చినా వార్తే, యాడ్‌లో కనిపించినా వార్తే. నాకు అర్థమైనంతవరకు తేడా ఒక్కటే. ఆ రోజు ఓడిన అమ్మాయికి నిదానంగా ఎదగడానికి టైమ్ దొరికింది. గెలిచిన అమ్మాయికి దొరకలేదు.

ముందు ఒక మాట తేల్చేద్దాం. అది గాలివాటు గెలుపు కాదు. అలా అనేవాళ్లు ఆ మ్యాచ్‌లు మళ్లీ ఒకసారి చూడాలి. న్యూయార్క్ వచ్చేటప్పటికి ఆమె ర్యాంకు 150, మెయిన్ డ్రాలో, అంటే అసలు టోర్నీలో, నేరుగా చోటు లేదు, అందుకే మూడు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు ఆడి లోపలికి వచ్చింది, ఆపైన ఏడు గెలిచింది. పది మ్యాచ్‌లు, ఇరవై సెట్లు, ఒక్క సెట్టు కూడా పోలేదు. క్వాలిఫయర్‌గా వచ్చి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్ కొట్టినవాళ్లు అంతకుముందు ఆడవాళ్లలోనూ లేరు, మగవాళ్లలోనూ లేరు. క్వార్టర్స్‌లో ఓడించింది అప్పుడే టోక్యోలో ఒలింపిక్ స్వర్ణం గెలుచుకుని వచ్చిన బెలిండా బెన్‌చిచ్‌ను. సెమీస్‌లో మరియా సక్కారిని 6-1, 6-4తో ఇంటికి పంపింది. ఫైనల్లో 6-4, 5-3 దగ్గర మ్యాచ్ కోసం సర్వ్ చేస్తూ బంతి కోసం జారి మోకాలు కోసుకుంది. రక్తం కారుతుంటే ఆట ఆపి కట్టు కట్టించుకోవాలి, అది రూలు. సరిగ్గా బ్రేక్ పాయింట్ (ఇంకొక్క పాయింట్ గెలిస్తే రదుకాను సర్వ్ చేస్తున్న గేమ్ తనదయ్యే స్థితి) ఉన్నప్పుడు ఆట ఆగిందని ఫెర్నాండెజ్ అంపైర్ దగ్గరికి వెళ్లి గొడవపడింది. అంతసేపు కుర్చీలో కూర్చుని లేచి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లకు చేతులు వణకాలి కదా, వణకలేదు. ఆ బ్రేక్ పాయింట్ కాపాడుకుని, ఏస్‌తో, అంటే ప్రత్యర్థి తాకలేకపోయిన సర్వ్‌తో, మ్యాచ్ ముగించింది.

ఆ ఆటలో ఒక పద్ధతి ఉంది. ప్రత్యర్థి మొదటి సర్వ్ తప్పి రెండో సర్వ్ వేసేటప్పుడు రదుకాను బేస్‌లైన్ వెనక నిలబడేది కాదు, లోపలికి అడుగు వేసి బంతి పైకి లేస్తుండగానే కొట్టేది. దాంతో సర్వ్ చేసిన మనిషికి కుదురుకునే టైమే ఉండేది కాదు. బ్యాక్‌హ్యాండ్ రెండు మూలలకూ ఒకే తేలికతో వెళ్లేది. అప్పటికి ఆమె ఆట ఎవరికీ సరిగ్గా తెలియదు, టాప్ లెవెల్ టూర్‌లో మెయిన్ డ్రా ఆడటం అది నాలుగోసారి మాత్రమే. నాటింగ్‌హామ్, వింబుల్డన్, శాన్‌హోసే, ఆ తర్వాత యూఎస్ ఓపెన్. 2020లో కోవిడ్ వల్ల టోర్నీలు ఆగిపోయాయి, టోర్నీలు మళ్లీ మొదలయ్యాక స్కూలు పరీక్షల చదువు అడ్డొచ్చింది. అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో మిగతా పిల్లలు చిన్న టోర్నీల్లో వారం వారం ఆడి, ఓడి, బ్యాగులు సర్దుకుని ఇంకో ఊరు వెళ్లే రోజుల్లో ఈ అమ్మాయి దాదాపు ఆడనే లేదు.

అసలు చిక్కు ఆ ఇరవై సెట్ల రికార్డులోనే ఉంది. మూడు వారాల్లో ఒక్కసారి కూడా మూడో సెట్ ఆడే అవసరం రాలేదు. రెండున్నర గంటలు దాటాక కాళ్లు బరువెక్కినప్పుడు ఏం చేయాలో, సెట్ పోయాక ఆటను ఎలా మార్చుకోవాలో, ఆ టోర్నీ ఆమెకు నేర్పలేదు. రెండు నెలల ముందు వింబుల్డన్‌లో దీని తొలి సూచన కనిపించింది. వైల్డ్‌కార్డుతో (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే చోటుతో) వచ్చి నాలుగో రౌండ్ దాకా వెళ్లి, ఐలా టోమ్లియానోవిచ్‌తో మ్యాచ్‌లో 4-6, 0-3తో వెనకబడ్డాక ఊపిరి అందక మధ్యలోనే తప్పుకుంది. అప్పుడు చాలామంది ఆ అమ్మాయి ధైర్యం మీద మాట్లాడారు. నా దృష్టిలో అది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు, అంత తీవ్రతకు ఇంకా అలవాటు పడని ఒంటి సంగతి. న్యూయార్క్ గెలుపుతో ఆ ప్రశ్న మరుగున పడిపోయింది, తీరలేదు.

ఇక ర్యాంకింగ్ విషయం. టెన్నిస్‌లో గెలుచుకున్న పాయింట్లు 52 వారాలు ఉంటాయి, గ్రాండ్‌స్లామ్ విజేతకు ఒకే దెబ్బకు 2000 వస్తాయి. రదుకాను ఒక్క సోమవారం 150 నుంచి 23వ ర్యాంకుకు వచ్చేసింది. వినడానికి బాగుంటుంది కానీ ఆ ర్యాంకుతో ఇక చిన్న టోర్నీలు ఆడే ప్రసక్తే లేదు, ప్రతి వారం పెద్ద కోర్టే, ఎదురుగా ప్రతిసారీ ఆరితేరిన క్రీడాకారిణే, అదీ వీడియోలు చూసి ఆమె రెండో సర్వ్ ఎంత మెత్తగా పడుతుందో కనిపెట్టి వచ్చినవాళ్లు. యూఎస్ ఓపెన్ తర్వాత ఆడిన మొదటి మ్యాచ్‌లోనే, ఇండియన్ వెల్స్‌లో, అలియక్సాండ్రా సస్నోవిచ్ చేతిలో వరుస సెట్లలో ఓడింది. 2022 జులైలో 10వ ర్యాంకుకు చేరింది, కానీ అందులో సింహభాగం ఆ మూడు వారాల పాయింట్లే. సెప్టెంబర్‌లో టైటిల్ కాపాడుకోవడానికి వెళ్లి మొదటి రౌండ్‌లోనే అలీజ్ కార్నే చేతిలో ఓడేసరికి ఆ పాయింట్లన్నీ పోయి 83వ ర్యాంకులో తేలింది. చూసేవాళ్లకు అది పతనంలా అనిపించింది. నన్నడిగితే ఆ 83 ఆమె అప్పటి అనుభవానికి నిజాయితీగా సరిపోయే నంబర్, అంతకుముందున్న 10 కాదు. ఇంకో సంగతి చూడండి. గ్రాండ్‌స్లామ్ గెలిచిన ఈ అమ్మాయి టాప్ టెన్‌లో ఉన్న క్రీడాకారిణిని మొదటిసారి ఓడించింది 2024 జూన్‌లో, ఈస్ట్‌బోర్న్‌లో జెస్సికా పెగులా మీద. అంటే టైటిల్ ముందు వచ్చింది, టైటిల్ గెలవడానికి మామూలుగా ఎక్కాల్సిన మెట్లు దాదాపు మూడేళ్ల తర్వాత ఒక్కొక్కటిగా వచ్చాయి.

ఆ మధ్యలో ఒంటికి జరిగింది తక్కువేమీ కాదు. 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండ్ గుర్తు తెచ్చుకోండి, కుడి అరచేయి బొబ్బెక్కి రాకెట్ పట్టుకోవడమే కష్టమైతే ఫోర్‌హ్యాండ్ గట్టిగా కొట్టలేక స్లైస్ చేస్తూ డాంకా కొవినిచ్ మీద ఒక సెట్ గెలిచింది, చివరికి మూడో సెట్‌లో ఓడింది. ఆ మ్యాచ్ చూసినవాళ్లు ఎవరూ ఆమెను మెత్తటి మనిషి అనలేరు. ఆ ఏడాదంతా తుంటి, నడుము, పక్కటెముకల దగ్గర నొప్పి, ఇలా ఏదో ఒకటి, కొన్ని మ్యాచ్‌లు మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది. 2023 మేలో రెండు మణికట్లకూ, ఒక చీలమండకూ ఆపరేషన్లు జరిగాయి. ఇరవై ఏళ్ల టెన్నిస్ క్రీడాకారిణికి రెండు చేతులకూ సర్జరీ అంటే రాకెట్ పట్టుకోవడం దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టడమే. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యూఎస్ ఓపెన్ మూడూ పోయాయి. పద్దెనిమిదేళ్లకు ముందు రెండేళ్లు మెల్లమెల్లగా మ్యాచ్‌ల సంఖ్య పెంచుకుంటూ వచ్చి ఉంటే ఈ గాయాలన్నీ తప్పేవని నేను చెప్పలేను, కానీ ఏ పునాదీ లేకుండా ఒక్కసారిగా పూర్తి టూర్ భారం మీద పడటం మంచి చేయలేదన్నది మాత్రం స్పష్టం.

ఇప్పుడు అందరూ ఎత్తిచూపే యాడ్స్ సంగతి. డియోర్, టిఫనీ, పోర్షె, వోడాఫోన్, ఎవియన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్. జాబితా పెద్దదే, నిజమే. కానీ మణికట్టు నొప్పి ఫొటో షూట్‌తో రాదు. కెరీర్ ఎంతకాలం ఉంటుందో తెలియని ఆటలో, ఒక్క గాయంతో మొత్తం ఆగిపోయే ఆటలో, వచ్చిన డబ్బు కాదనుకోమని ఏ టీనేజర్‌కైనా చెప్పే హక్కు మనకెక్కడిది? మగ క్రీడాకారుల కాంట్రాక్టులను విజయానికి గుర్తుగా రాసే పత్రికలే ఈ అమ్మాయి కాంట్రాక్టులను ఓటమికి కారణంగా రాయడం నాకు నచ్చదు.

పేరు తెచ్చిన అసలు నష్టం వేరే ఉంది, దాని గురించి తక్కువ మాట్లాడుకుంటాం. 2022లోనే ఆమె ఇంటి చుట్టూ తిరిగిన ఒక వ్యక్తి మీద కోర్టు నిషేధాజ్ఞ ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో దుబాయ్‌లో కరోలీనా ముచోవాతో మ్యాచ్ ఆడుతుండగా, తనను వెంటాడుతున్న మనిషి స్టాండ్స్‌లో కనిపించేసరికి అంపైర్ కుర్చీ వెనక్కి వెళ్లి దాక్కుని ఏడ్చింది. ముచోవా దగ్గరికి వచ్చి ఓదార్చింది. ఆ తర్వాత మళ్లీ కోర్టులోకి వచ్చి మ్యాచ్ పూర్తి చేసింది, ఓడింది. స్కోర్‌కార్డులో అది కూడా ఒక ఓటమిగానే ఉంటుంది.

అయితే ఆమె తప్పులేమీ లేవని నేను అనడం లేదు. నా లెక్కలో పెద్ద తప్పు కోచ్‌ల విషయంలో, అదీ మొట్టమొదటిది. న్యూయార్క్‌లో ఆమె పక్కన ఉన్న ఆండ్రూ రిచర్డ్‌సన్ ఆమెను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. టైటిల్ గెలిచిన కొద్ది రోజులకే ఆయనను వదులుకుని, పెద్ద టూర్‌లో అనుభవమున్న కోచ్ కావాలని వెతుక్కుంది. ఆ ఆలోచనలో లాజిక్ ఉంది, కాదనను. కానీ చుట్టూ అంతా ఒక్క రాత్రిలో మారిపోయినప్పుడు, మారకుండా ఉండాల్సిన మనిషిని కూడా మార్చేస్తే మిగిలేదేముంది? తర్వాత టార్బెన్ బెల్ట్జ్, డిమిత్రి తుర్సునోవ్, సెబాస్టియన్ సాక్స్ వరుసగా వచ్చి వెళ్లారు. ఒకరు సర్వ్ గురించి చెప్పేది కుదురుకునేలోపు ఇంకొకరు వచ్చేవారు. నిక్ కావడే మాత్రం ఏడాదికి పైగా ఉన్నాడు. అతను కూడా చిన్నప్పటి పరిచయస్తుడే, ఆమె మళ్లీ కాస్త నిలకడగా ఆడింది ఆ కాలంలోనే, ఆయన ఆరోగ్య కారణాలతో తప్పుకోవడం ఆమె చేతిలో లేని విషయం. ఆ తర్వాత వ్లదిమిర్ ప్లాటెనిక్‌తో రెండు వారాలు కూడా గట్టిగా నడవలేదు. దీనికి పక్కన ఇదే తరానికి చెందిన కార్లోస్ అల్కరాజ్‌ను పెట్టి చూడండి, పదిహేనేళ్ల వయసు నుంచి 2025 చివరి వరకు హువాన్ కార్లోస్ ఫెరీరో ఒక్కడే ప్రధాన కోచ్. ప్రతిభలో తేడా ఉంది, ఒప్పుకుంటాను, కానీ ఏడేళ్లు ఒకే గొంతు వినడానికి విలువ ఉంది.

2020 ఫ్రెంచ్ ఓపెన్‌ను 54వ ర్యాంకుతో గెలిచిన ఇగా స్వియాటెక్‌కు అప్పటికి 19, ఆమె నిలబడింది కదా, రదుకాను ఎందుకు నిలబడలేదు అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. స్వియాటెక్ ఆ టైటిల్‌కు ముందే జూనియర్ వింబుల్డన్ గెలిచింది, రెండేళ్లుగా గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలు ఆడుతోంది, టైటిల్ తర్వాత కూడా ఏడాదికి పైగా కోచ్‌ను మార్చలేదు, సైకాలజిస్టునూ మార్చలేదు. ఆమె గెలిచేటప్పటికి కింద మెట్లు ఉన్నాయి. కోకో గాఫ్ కూడా అంతే, 15 ఏళ్లకు వింబుల్డన్‌లో వీనస్ విలియమ్స్‌ను ఓడించి సంచలనం రేపినా, మొదటి గ్రాండ్‌స్లామ్‌కు 2023 యూఎస్ ఓపెన్ దాకా ఆగింది. ఆ నాలుగేళ్లూ ఓడుతూ నేర్చుకున్నా ఎవరూ ఆమెను మాజీ చాంపియన్ అనలేదు, ఎందుకంటే ఆమె ఇంకా చాంపియన్ కాలేదు. రదుకాను నేర్చుకోవాల్సిన ప్రతి ఓటమి మాజీ చాంపియన్ ఓటమిగా రికార్డయింది.

అందుకే ఆమె కెరీర్‌ను 2024 జనవరి నుంచి లెక్కపెట్టడం న్యాయమని నా అభిప్రాయం. అప్పుడు ఆపరేషన్ల తర్వాత, 300 దరిదాపుల ర్యాంకుతో ఆక్లాండ్‌లో మళ్లీ మొదలుపెట్టింది. అక్కడి నుంచి చూస్తే గీత చాలావరకు పైకే ఉంది. 2024 వింబుల్డన్‌లో నాలుగో రౌండ్, 2025లో మయామీలో క్వార్టర్స్, వాషింగ్టన్‌లో సెమీస్, బ్రిటన్ నంబర్ వన్ స్థానం, మళ్లీ టాప్ 30. టైటిల్ లేదు, నిజమే, యూఎస్ ఓపెన్ తర్వాత 2025 చివరి వరకు ఇంకొక టైటిల్ లేకపోవడం లోటే. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో స్వియాటెక్ చేతిలో 6-1, 6-0, అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో రిబాకినా చేతిలో 6-1, 6-2, ఇవి దాచేవి కావు. అగ్రశ్రేణి బలమైన సర్వ్ ముందు ఆమె ఆట ఇంకా తేలిపోతోంది, రెండో సర్వ్ ఇంకా బాగుపడాలి.

కానీ 2025 ఆగస్టులో సిన్సినాటిలో నంబర్ వన్ సబలెంకాతో ఆడిన మ్యాచ్ కూడా అదే అమ్మాయిది. మూడు గంటలకు పైగా సాగింది, మూడో సెట్‌లో రదుకాను సర్వ్ చేసిన ఒక గేమే ఇరవై నిమిషాలకు పైగా నడిచింది, డ్యూస్ (40-40తో సమం) మీద డ్యూస్, చివరికి ఆ గేమ్ ఆమె వదల్లేదు. మ్యాచ్ మూడో సెట్ టైబ్రేక్‌లో పోయింది. వింబుల్డన్‌లో నాలుగో రౌండ్‌లో ఊపిరి అందక ఆగిపోయిన మనిషి నాలుగేళ్ల తర్వాత ప్రపంచంలోనే గట్టిగా కొట్టే ఆటగత్తెతో చివరి పాయింట్ దాకా నిలబడింది. రాబోయే సీజన్లలో నేను ఆమె ర్యాంకు కన్నా ముందు రెండు విషయాలు చూస్తాను: గాయం లేకుండా ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు ఆడింది, పక్కన కోచ్ ఒక్కడే ఒక పూర్తి సీజన్ ఉన్నాడా లేదా.